రేడియో క్లబ్బు పాత లాగ్‌బుక్కు దొరికింది, వెనక పేజీలో ఈ గురులఘువులు ఏంటో చెప్పండి

పెద్దబజారు_బాబి | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పోయిన వారం పిన్ని కూతురి పెళ్ళి పనుల మీద బరంపురం వెళ్ళాను. దారిలో మా బడి వైపు తిరిగితే పాత సైన్సు గది పైకప్పు విప్పేస్తున్నారు, లోపలి సామానంతా వరండాలో పడేశారు. (బడి పేరు రాయను. తెలిసినవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళకి అనవసరం.) ఆ కుప్పలో చెదలు తిన్న చార్టుల కింద మా హామ్ రేడియో (సొంత వైర్‌లెస్ సెట్లతో సరదాగా మాట్లాడుకోవడం) క్లబ్బు లాగ్‌బుక్కు కనిపించింది. అటెండర్ని అడిగితే "పట్టుకుపో బాబూ, లేదంటే పాత కాగితాలవాడికే" అన్నాడు. పట్టుకొచ్చేశాను.

మొదటి పేజీ 1988 జులై. తేదీ, జీఎంటీ టైము, ఫ్రీక్వెన్సీ, కాల్‌సైన్ (స్టేషను గుర్తింపు పేరు), సిగ్నల్ ఎలా ఉంది, చివర "రిమార్కులు". నూటికి తొంభై చోట్ల రిమార్కుల్లో ఒకటే మాట: "విన్నాం". ఒకచోట "విన్నాం, పేరు అర్థం కాలేదు". ఇంకోచోట "విన్నామనుకుంటున్నాం", దాని కింద ఫిజిక్స్ సార్ ఎర్ర సిరాతో "అనుకోవడం రాయకూడదు" అని రాశారు. అది చదివి ట్రైన్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను, ఎదురు బెర్తు ఆయన అదోలా చూశాడు.

అసలు విషయం. అట్ట వెనక పేజీలో రెండు వరసలు ఉన్నాయి. గురువు, లఘువు గుర్తులే. ఇక్కడ టైపు చేయడానికి గ, ల అని రాస్తున్నా, గుంపులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

పెన్సిల్‌తో: గల – లల – గలల – లగల – లగ
దాని కింద నీలం ఇంకుతో, వేరే చేతిరాత: గగల – లగ – లగలల – లల

ఎవరో ఛందస్సు హోంవర్కు చేసుకున్నారనుకున్నాను. ఏ పద్యంలోనూ ఇమడట్లేదు. తెలుగు బాగా వచ్చినవాళ్ళు కాస్త చూడండి.

సూరత్_మగ్గం | ఆదివారం, రాత్రి 10:02

ఒరేయ్ బాబీ! ఆ గది తాళం రెండేళ్ళు నా మొలతాడుకి ఉండేదిరా. ఇప్పుడు సూరత్‌లో పవర్‌లూమ్ షెడ్డులో సూపర్‌వైజర్ని, చుట్టూ సగం మంది మన గంజాం వాళ్ళే, కానీ రేడియో క్లబ్బు అంటే ఎఫ్ఎమ్‌లో పాటలు అడిగే క్లబ్బు అనుకుంటారు. చెప్పి చెప్పి మానేశాను.

యాంటెన్నా కట్టిన రోజు గుర్తుందా? సార్ బోర్డు మీద 468 రాసి, మన ఫ్రీక్వెన్సీ 7.05 మెగాహెర్ట్జ్‌తో భాగించమన్నారు. 66 అడుగుల చిల్లర వచ్చింది. తీగ అయితే కొలిచి కోశాం గానీ, కట్టడానికి రెండు కొబ్బరిచెట్లు పక్కింటివాళ్ళ పెరట్లో ఉన్నాయి, వాటి మధ్య దూరం చూస్తే 66 లేదు. చివరికి ఒక కొస చెట్టుకి, రెండో కొస బడి నీళ్ళ ట్యాంకుకి కట్టి, ఏటవాలుగా వదిలేశాం. ఆ పక్కింటి మామ్మ మధ్యలోంచి కిందికి దిగే తీగ మీద చీరలు ఆరేసేది. సార్ గోడ మీంచి చూసి "అమ్మా, మీ చీర వల్ల నాకు రష్యా వినపడట్లేదు" అంటే ఆవిడ "రష్యా వాళ్ళు మీకు బంధువులా బాబూ" అని అడిగింది.

రిసీవర్ అంటే వేరే ఏం లేదు, ఎవరింట్లోనో మూలన పడేసిన వాల్వు రేడియో. దాంట్లో మోర్స్ (చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే పద్ధతి) వస్తే ఉత్త "ఫస్ ఫస్" మని ఊదినట్టు ఉంటుంది. పక్కన ఇంకో చిన్న ట్రాన్సిస్టర్ పెట్టి, దాని ముల్లు వెంట్రుకవాసి తిప్పుతూ పోతే ఒకచోట హఠాత్తుగా ఆ ఊదడం కాస్తా "కుయ్ కుయ్" మని పాటైపోయేది. మాటలు కూడా అంతే, అప్పటిదాకా బాతుల సంతలా ఉన్నది మనిషి గొంతయ్యేది. నేను క్లబ్బులో చేరింది ఆ ఒక్క క్షణం కోసమే. సైన్సు కోసం కాదు, అబద్ధం ఎందుకు.

డిట్‌డా_వైజాగ్ | సోమవారం, ఉదయం 6:25

బాబీ, ఆ రెండు వరసలు చూడగానే నవ్వొచ్చింది. కానీ చెప్పను. నువ్వే విప్పుకో. చెప్పేస్తే మన తెలుగు మాస్టారి ఆత్మ ఒప్పుకోదు.

కొత్తవాళ్ళ కోసం కొంచెం కథ చెప్తాను. నేను మీ అందరికన్నా ముందు బ్యాచి, మొదటి పేజీలో ఉన్న వంకర రాత నాదే. క్లబ్బు పెట్టడానికి హెడ్మాస్టరు గారు అసలు ఒప్పుకోలేదు. వైర్‌లెస్ సెట్టు అంటే పోలీసులు వస్తారని ఆయన భయం, మన సరిహద్దు జిల్లాల్లో ఆ భయం ఊరికే పుట్టేది కాదు. మా ఫిజిక్స్ సార్‌కి లైసెన్సు ఉండేది. ఆయన అన్న మాట ఒకటే: "సార్, ప్రధానమంత్రి గారు కూడా హామే, ఆయన కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ." రాజీవ్ గాంధీ ఇంకా ప్రధానిగా ఉన్న రోజులవి. హెడ్మాస్టరు గారు సంతకం పెట్టేశారు.

సార్ 807 వాల్వుతో సొంతంగా చేసుకున్న ట్రాన్స్‌మిటరు తెచ్చేవారు, కానీ కీ మీద మమ్మల్ని చెయ్యి వేయనిచ్చేవారు కాదు. లైసెన్సు లేనివాడు గాల్లోకి ఒక్క చుక్క వదిలినా నేరమే అని. మాకు బీసీ148 ట్రాన్సిస్టర్‌తో చేసిన బజ్జర్, దాంతోనే ప్రాక్టీసు. మోర్స్ నేర్పడానికి ఆర్మీ సిగ్నల్స్‌లో రిటైరైన సుబేదారు గారు శనివారాలు వచ్చేవారు. ఒడియా ఆయన, మాతో హిందీలో మాట్లాడేవారు. "గినో మత్, సునో" – లెక్కపెట్టకండి, వినండి. ఎన్నిసార్లు చెప్పినా మేము వేళ్ళు ముడిచి చుక్కలు లెక్కపెట్టుకునేవాళ్ళం. మూడు నెలలకి పది అక్షరాలు కూడా రాలేదు.

అప్పుడు తెలుగు మాస్టారు వచ్చారు. పిలిస్తే కాదు, వరండాలో చుట్ట కాల్చుకోవడానికి. లోపల్నించి "డా డి డా, డా డి డా" అని మా గోల. కిటికీలోంచి తల పెట్టి "ఒరేయ్, అది రగణం కదరా" అన్నారు. అందరం చూశాం. గురువు లఘువు గురువు. గీత చుక్క గీత. ఇంగ్లీషు 'కే' అక్షరం. ఆయన లోపలికొచ్చి సుద్దముక్క తీసుకుని యమాతారాజభానసలగం మొత్తం బోర్డు మీద రాసి, ఒక్కో గణం ఎదురుగా ఏ అక్షరమో మమ్మల్నే అడిగారు. యగణం డబ్ల్యూ. మగణం ఓ. తగణం జీ. రగణం కే. జగణం ఆర్. భగణం డీ. నగణం ఎస్. సగణం యూ. మూడు గుర్తుల అక్షరాలన్నీ ఎనిమిదే, గణాలూ ఎనిమిదే, ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తక్కువ కాలేదు! ఆయన మొహం చూడాల్సింది. జీవితమంతా పరీక్షల కోసం చెప్పిన పాఠం వెళ్ళి ఓడల మీద, విమానాల మీద పనికొస్తోందని ఆయనకి ఆ రోజే తెలిసింది. ఎస్ఓఎస్ అంటే నగణం, మగణం, నగణం.

ఇంద్రగణాలు ఆరూ కూడా కూర్చున్నాయి. నగము వీ, నలము హెచ్, సలము ఎఫ్, మిగతావి భ, ర, త ముందే అయిపోయాయి. సూర్యగణాల్లో హగణం అంటే ఎన్. లగం ఏ, గలం ఎన్, గగం ఎమ్, లలం ఐ. వారం తిరిగేసరికి ఇరవై అక్షరాలు దాటేశాం. సుబేదారు గారికి ఏం జరిగిందో అర్థం కాలేదు, మేము చెప్పలేదు.

యాంటెన్నా_2021 | సోమవారం, మధ్యాహ్నం 1:15

నాకు ఛందస్సు రాదు అంకుల్, ఇంగ్లీషు మీడియం బ్యాచ్. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు ఉంది, ఇప్పుడు దానికి మోర్స్ పరీక్ష కూడా అక్కర్లేదు, సరదాకి నేర్చుకున్నాను. గ అంటే గీత, ల అంటే చుక్క అనుకుంటే మొదటి వరస ఐదు అక్షరాలు: ఎన్, ఐ, డీ, ఆర్, ఏ. ఇంగ్లీషులో అలాంటి పదం లేదే?

పెద్దబజారు_బాబి | సోమవారం, మధ్యాహ్నం 1:22

నిద్ర!!!! తెలుగురా నాయనా, నిద్ర! ఎన్-ఐ-డీ-ఆర్-ఏ. నేను మూడు రోజులు ఉత్పలమాలలో వెతుకుతున్నాను.

సూరత్_మగ్గం | సోమవారం, రాత్రి 11:40

షిఫ్టు దిగి ఇప్పుడే చూశాను. సరే, దొరికిపోయాను కాబట్టి చెప్తాను, అది నా రాతే. మధ్యాహ్నం భోజనాల తర్వాత సోషల్ పీరియడు. మాస్టారు కుర్చీలో కూర్చుని "చదువుకోండి" అనేవారు, ఐదు నిమిషాలకి తల వాలిపోయేది. వెనక బెంచీ నుంచి ముందు బెంచీకి పెన్సిల్ మొద్దుతో కొట్టేవాళ్ళం: నిద్ర. వెంటనే ముందు వరస వాళ్ళు చింతగింజలు తీసేవాళ్ళు. లాగ్‌బుక్కులో ఎందుకు రాశానంటే సార్ పెట్టిన రూలు ఉంది కదా, విన్నది ఏదైనా రాయాలి, వినంది రాయకూడదు. నేను విన్నాను. గురక కూడా విన్నాను.

నీలం ఇంకు వరస నాది కాదు. నేను 1991లో బయటికి వచ్చేశాను.

పర్లాకిమిడి_రైలు | మంగళవారం, ఉదయం 8:05

ఈ చర్చ దారం బావుంది గానీ ఒక అభ్యంతరం. నేను తెలుగు ఎమ్మే చేసినవాణ్ణి, పర్లాకిమిడిలో మాకు ఏ రేడియో క్లబ్బూ లేదు, మాకున్నదల్లా నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే బుల్లి రైలు, అదీ 2004లో ఆపేసి పెద్ద పట్టాలు వేశారు. విషయానికి వస్తే, లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు. నాకు తెలిసినంతలో మోర్స్‌లో గీత మూడు చుక్కలంత ఉండాలి. రెండూ ఒకటే అని పిల్లలకి నేర్పితే తప్పు నేర్పినట్టు కాదా?

ఇంకోటి, ఆటవెలది రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే కదా, మీ లెక్కన దాన్ని కొడితే ఎన్, ఎస్ తప్ప ఇంకో అక్షరం రాదు. ఆ పాదం విన్న రష్యావాడు ఏమనుకోవాలి?

డిట్‌డా_వైజాగ్ | మంగళవారం, ఉదయం 9:30

పర్లాకిమిడి గారూ, గట్టి దెబ్బే కొట్టారు. ఒప్పుకుంటున్నాను. ఇది మాకు పరీక్షలో తెలిసింది.

మేము ముగ్గురం హౌరా మెయిల్ ఎక్కి కలకత్తా వెళ్ళాం పరీక్షకి. అప్పట్లో గ్రేడ్ టూకి నిమిషానికి ఐదు మాటలు, గ్రేడ్ వన్‌కి పన్నెండు. వినడం ముగ్గురికీ తప్పు లేకుండా వచ్చింది. పంపడం దగ్గర పరీక్ష పెట్టే ఆయన హెడ్‌ఫోన్ తీసేసి "మీ ముగ్గురికీ ఒకే గురువా?" అని అడిగాడు. ముగ్గురి గీతలూ పొట్టిగా ఉన్నాయట. రెండు చుక్కలంతే. ఒకడిది అయితే చేతి అలవాటు అనుకోవచ్చు, ముగ్గురిదీ అలాగే ఉంటే ఎక్కడో కార్ఖానాలో పోత పోసినట్టు ఉందన్నాడు. పాస్ చేశాడు, అది ఆయన మంచితనం. తిరిగొచ్చి సుబేదారు గారికి చెప్తే ఆయన తల పట్టుకుని, నెల రోజులు మాతో "డాఆఆ" అని సాగదీయించారు. ఇప్పటికీ అలసిపోతే నా గీత గురువైపోతుంది. వైద్యుడికే కాదు, మోర్స్ కొట్టేవాడికీ హస్తవాసి ఉంటుంది, నాకు తెలిసిన పాత హాములు కాల్‌సైన్ రాకముందే నా చెయ్యి గుర్తుపడతారు.

పాసయ్యాక కూడా లైసెన్సు కాగితం చేతికి రావడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. ఫైలు ఎక్కడ తిరిగిందో ఏమో. వచ్చేనాటికి నేను బడిలో లేను, కాలేజీలో ఉన్నాను. క్లబ్బు గదికి వెళ్ళి సార్ ముందు కూర్చుని మొదటి సీక్యూ కొట్టాను, అంటే ఎవరైనా ఉన్నారా అని పిలవడం. పగటి పూట మన 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్) దగ్గరి దూరాలకే, రాత్రయితే అదే తీగ దేశాలు దాటిస్తుంది. నాకు జవాబిచ్చింది ఎవరనుకున్నారు, బెజవాడ ఆయన ఒకరు. రష్యా కోసం చూస్తే బెజవాడ వచ్చింది. ఆ తర్వాత ఆయన పంపిన క్యూఎస్ఎల్ కార్డు (మాట్లాడుకున్నామని రుజువుగా పంపేది) నా పర్సులో పదేళ్ళు ఉంది.

ఇక ఎన్, ఎస్ సంగతి: రష్యావాడు ఏమీ అనుకోడు, కాల్‌సైన్ లేదు కాబట్టి ముల్లు పక్కకి తిప్పుకుంటాడు.

మామిడితాండ్ర | మంగళవారం, మధ్యాహ్నం 12:10

అసలు బరంపురం ఆంధ్రలో ఉండాల్సింది, అప్పుడు తెలుగు మీడియం సెక్షన్లు ఇలా మూతపడేవి కావు, మాస్టార్లు రిటైరైతే కొత్తవాళ్ళని వేయట్లేదు, దాని గురించి మాట్లాడరేం

నిర్వాహకుడు | మంగళవారం, మధ్యాహ్నం 12:31

1936లో బరంపురాన్ని ఒడిశాలో కలిపిన పంచాయితీకి వేరే దారం ఉంది, అక్కడ ఇప్పటికే నాలుగొందల పోస్టులు ఉన్నాయి. దయచేసి ఇక్కడ రేడియో మాత్రమే.

పెద్దబజారు_బాబి | మంగళవారం, రాత్రి 9:45

మామిడితాండ్ర గారి బాధలో తప్పేం లేదు గానీ సరే.

రెండో వరస విప్పాను, ఎవరి సాయం లేకుండా! గగల తగణం, జీ. లగ ఏ. లగలల అంటే జగణం మీద ఒక లఘువు, ఎల్. లల ఐ. జీ-ఏ-ఎల్-ఐ. గాలి.

గాలి అని ఎవరు రాశారు, ఎందుకు రాశారు? లాగ్‌లో చివరి తేదీ ఉన్న ఎంట్రీ 1999 అక్టోబరు 9. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.

సూరత్_మగ్గం | మంగళవారం, రాత్రి 11:58

అయితే తెలిసిపోయింది! 1999 అంటే సూపర్ సైక్లోను. నేను అప్పటికే ఇక్కడున్నాను గానీ ఊరి నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు, ఫోన్లన్నీ పడిపోతే మన బడి క్లబ్బు పిల్లలే రేడియోలో భువనేశ్వరానికి కబురు పంపారని. నేను ఇక్కడ ఎంతమందికి చెప్పానో. అదే అయి ఉంటుంది, గాలి ఎక్కువగా ఉంది అని పంపి ఉంటారు.

డిట్‌డా_వైజాగ్ | బుధవారం, ఉదయం 6:40

తమ్ముడూ, రెండు తుఫాన్లు కలిపేస్తున్నావు. సూపర్ సైక్లోను అక్టోబరు 29, అది పారాదీప్ దగ్గర తీరం దాటింది. దానికి పదకొండు రోజుల ముందు, 17-18 తేదీల్లో ఇంకోటి వచ్చింది, గోపాల్‌పూర్ దగ్గర. మన గంజాం జిల్లాని కొట్టింది అదే. తర్వాత వచ్చినదాంట్లో వేలమంది పోయేసరికి మన తుఫాను లెక్కలోంచి జారిపోయింది, పేపర్లలో కూడా. బరంపురం వాళ్ళకి మాత్రం 99 తుఫాను అంటే మొదటిదే.

కబురు పంపారన్న మాట నేనూ విన్నాను. నమ్మబుద్ధవుతుంది, ఎందుకంటే హాములు అలాంటివి నిజంగానే చేశారు. 2004 డిసెంబరులో హైదరాబాదు నుంచి హామ్ రేడియో బృందం అండమాన్ వెళ్ళి ప్రపంచంతో మాట్లాడుతుండగానే సునామీ వచ్చింది, పోర్ట్‌బ్లెయిర్ నుంచి కబుర్లు మోసింది వాళ్ళ సెట్లే. కానీ మన బడి సంగతి, ఆ రోజు అక్కడున్న మనిషి చెప్తే తప్ప రాయకూడదు. ఎర్ర సిరా గుర్తుంది కదా.

పర్లాకిమిడి_రైలు | బుధవారం, ఉదయం 10:20

సునామీ రోజులు వేరు, ఇప్పుడు అందరి జేబులో ఫోను ఉండగా ఈ తీగలు, కొబ్బరిచెట్లు ఎందుకండీ అని అడుగుదామనే వచ్చాను. రాస్తుండగానే 2018 అక్టోబరు గుర్తొచ్చింది. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, మా గజపతి జిల్లా అంతా కొట్టుకుపోయింది. మా ఇంట్లో ఆరు ఫోన్లు ఉన్నాయి, ఆరూ చచ్చాయి. మా తమ్ముడు మోహనలో ఉన్నాడు, మూడు రోజులు బతికున్నాడో లేదో తెలియలేదు. కాబట్టి అడగను.

యాంటెన్నా_2021 | బుధవారం, సాయంత్రం 5:50

అంకుల్స్, మధ్యలో చిన్న విషయం. ఇప్పుడు అంత పెద్ద తీగ కూడా అక్కర్లేదు. నేను మేడ మీద చేత్తో పట్టుకునే యాంటెన్నాతో 145.800 మెగాహెర్ట్జ్ మీద అంతరిక్ష కేంద్రం పంపే బొమ్మలు దింపుకున్నాను. అది మన మీంచి దాటేది పది నిమిషాల లోపే, ఆ లోపు యాంటెన్నా దాని వెంట తిప్పుతూ ఉండాలి. మా నానమ్మ చూసి "ఎవరికి హారతి పడుతున్నావురా" అంది. హైదరాబాదు ఫర్హాన్ గారు డిజైన్ చేసిన బిట్‌ఎక్స్ సెట్టు తయారు చేద్దామని విడిభాగాలు కూడబెడుతున్నాను, కాయిల్స్ చుట్టడం దగ్గర ఆగిపోయాను. డిట్‌డా అంకుల్, మీకు మెసేజ్ పెడతాను, తప్పకుండా చూడండి.

సన్నజాజి | బుధవారం, రాత్రి 10:35

ఈ వేదికలో నేను చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. నీలం ఇంకు నాది.

1999లో నేను టెన్త్. క్లబ్బులో ఇద్దరమే ఆడపిల్లలం, దీపాలు పెట్టేవేళకి ఇంట్లో ఉండాలి కాబట్టి మాకు రాత్రి వినిపించే దేశాలేవీ తెలియవు, పగటి బెజవాడలూ మద్రాసులూ మాత్రమే. అప్పటికి సుబేదారు గారు లేరు, ఫిజిక్స్ సార్ రిటైరయ్యారు, సెట్టు ఆయన ఇంటికి పట్టుకెళ్ళిపోయారు. మిగిలింది ఆ వాల్వు రేడియో, బజ్జరు, గోడ మీద మాస్టారు రాయించిన గణాల చార్టు. సీనియర్లు జూనియర్లకి చెప్పుకుంటూ వచ్చాం.

కాబట్టి సూరత్ అన్నయ్యా, భువనేశ్వరానికి కబురేదీ వెళ్ళలేదు. పంపడానికి ఏమీ లేదు. లైసెన్సూ లేదు, ట్రాన్స్‌మిటరూ లేదు. ఆ రాత్రి అందరికన్నా ముందు పోయిందే యాంటెన్నా. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్టు సగానికి విరిగి మామ్మ పెరట్లో అడ్డంగా పడి ఉంది, తీగ దానికి చుట్టుకుపోయింది.

ఆ గాలి సంగతి ఇది. మా సాహిలో (వీధిలో) ఇళ్ళన్నీ తెలుసుగా, గోడకి గోడ ఆనుకుని రైలుపెట్టెల్లా ఉంటాయి. మా పక్క ఇల్లు పెదనాన్న వాళ్ళది. వాళ్ళబ్బాయి నాకన్నా ఏడాది పెద్ద, వాడూ క్లబ్బే. రాత్రి గాలి ఎంత హోరంటే ఒకే గదిలో ఉన్నవాళ్ళం అరిచినా వినపడలేదు. వంటింటి గోడ మాత్రం ఉమ్మడి గోడ. వాడు రోకలితో కొట్టడం మొదలుపెట్టాడు. గోడ మీద దెబ్బకి నిడివి ఉండదు కదా, సాగదీయడం కుదరదు. అందుకే మేము బడిలో బెంచీల మీద ఎలా కొట్టేవాళ్ళమో అలాగే: లఘువుకి ఒక దెబ్బ, గురువుకి రెండు దెబ్బలు వెంటవెంటనే. రెండు మాత్రలు. పర్లాకిమిడి గారు తప్పన్నదే అక్కడ పనికొచ్చింది. నేను పచ్చడిబండతో జవాబు కొట్టాను. ముందు మామూలు విషయాలే, దీపం ఉందా, నీళ్ళు వస్తున్నాయా, నానమ్మ ఏం చేస్తోంది. ఒక్కో మాటకి నిమిషాలు పట్టేది. అమ్మ మొదట తిట్టింది, తర్వాత "మీ పెద్దమ్మకి కిరసనాయిలు ఉందో లేదో అడుగు" అంది.

ఏ వేళప్పుడో గాలి ఒక్కసారిగా తగ్గింది. నాన్న తలుపు తీసి, పెరట్లో రేకులు సరిచేసి వస్తానని బయల్దేరారు. అప్పుడు గోడవతల నుంచి గబగబా దెబ్బలు. జీ, ఏ, ఎల్, ఐ. మళ్ళీ అదే. మళ్ళీ అదే. నాన్నా, అన్నయ్య గాలి అంటున్నాడు అన్నాను. నాన్న నవ్వి, "గాలని చెప్పడానికి మీకో క్లబ్బు, ఆ మాత్రం నాకు తెలీదేంటి" అని వెళ్ళిపోయారు. అవతల నానమ్మ చెప్పమన్నది ఏంటంటే, గాలి ఇంకా అయిపోలేదు, ఎదురు దిక్కు నుంచి మళ్ళీ వస్తుంది, ఎవరినీ బయటికి పోనివ్వకండి అని. అంత పొడుగు మాట రోకలితో కొట్టే ఓపిక వాడికి లేదు, మొదటి మాట మాత్రం కొట్టి ఊరుకున్నాడు. నాన్న గుమ్మంలోకి తిరిగి వస్తుండగా వెనక నుంచి కొట్టింది, ఆ రేకులు రెండూ ఎటు పోయాయో ఈరోజుకీ తెలియదు. ఆయనకి మోచెయ్యి చీరుకుపోయింది, అంతే.

బడి తెరిచాక లాగ్‌బుక్కు తీశాను. విన్నది రాయాలి కదా. కానీ తేదీ కాలమ్ సరే, ఫ్రీక్వెన్సీ అని ఉన్నచోట ఏం రాయాలి? గోడ అని రాస్తే బావుండదు. అందుకే లోపల పేజీలో రాయకుండా వెనక రాశాను.

డిట్‌డా_వైజాగ్ | గురువారం, ఉదయం 6:15

అమ్మా, సుబేదారు గారు ఉండి ఉంటే ఆ రెండు దెబ్బల గురువుకి మిమ్మల్ని బెంచీ ఎక్కించేవారు. తెలుగు మాస్టారు అయితే ఇంకోలా, గాలి అన్న తెలుగు మాటకి మొదటి అక్షరం గురువు, రెండోది లఘువు, మొత్తం హగణం, అంటే ఒక్క ఎన్‌తో పోయేదానికి ఇంత అవస్థ దేనికి అనేవారు.

తుఫాను కన్ను మీంచి దాటేటప్పుడు అలాగే ఆగుతుంది, తర్వాత వెనక్కి తిరిగి కొడుతుంది. మీ నానమ్మగారికి ఎవరు చెప్పారో!

సూరత్_మగ్గం | గురువారం, రాత్రి 11:50

పాతికేళ్ళుగా చెప్పుకుంటున్న భువనేశ్వరం కబురు పోయింది. పోనీలే. ఇకమీదట రోకలి కథ చెప్తాను, ఇదే బావుంది. సన్నజాజి అమ్మా, మీ అన్నయ్య ఇప్పుడు ఎక్కడ?

సన్నజాజి | శుక్రవారం, ఉదయం 7:05

ఛత్రపూర్‌లో ఉద్యోగం. ఈ దారం లింకు పంపాను. "జీ కొట్టేసరికే నా చేతులు పడిపోయాయి, ఐదు దెబ్బలు దానికి" అన్నాడు. ఇళ్ళు రెండూ పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు, మధ్య గోడ లేదు. పచ్చడిబండ మాత్రం నా దగ్గరే ఉంది, వాడుతున్నాను.

పెద్దబజారు_బాబి | శుక్రవారం, ఉదయం 9:20

ఆదివారం పేజీలన్నీ ఫోటోలు తీసి ఇక్కడ పెడతాను. 1993లో నాలుగు పేజీలు టీ ఒలికి అతుక్కుపోయాయి, ఆ బ్యాచి వాళ్ళు ఎవరైనా ఉంటే ఎవరు ఒలికించారో ముందే చెప్పేయండి.